ఎనిమిది పౌండ్ల గిటారు

1963 ఆగస్టులో లండన్ శివారు ఫెల్తమ్‌లో హెరాల్డ్ మే, ఆయన పదహారేళ్ల కొడుకు బ్రయాన్ కలిసి ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటారు చేయడం మొదలుపెట్టారు. కొట్లో ఫెండర్ గిటారు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. తండ్రికి మాత్రం ఎలక్ట్రానిక్స్ తెలుసు, పనిముట్ల మీద చెయ్యి తిరిగింది. ఎవరో పీకి పారేస్తున్న పాత ఫైర్‌ప్లేస్ తాలూకు మహాగని చెక్కతో నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ) చేశారు. అందులోని పురుగు రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. బాడీ మధ్యభాగానికి పాత బల్ల ఓక్ చెక్క పనికొచ్చింది. స్ప్రింగులు ఒక పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ వాల్వులవి. నెక్ మీద గుర్తు చుక్కలకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు పెట్టారు. ఖర్చు మొత్తం 8 పౌండ్లు. ఆ కుర్రాడే తర్వాత క్వీన్ అనే రాక్ బృందంలో గిటారిస్టు అయ్యాడు. 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ కూడా పుచ్చుకున్నాడు. గిటారు పేరు రెడ్ స్పెషల్.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా పాత సామాన్ల జాబితా దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది: ఆ సామాను ఎక్కడ సరిపోయింది, ఎక్కడ సరిపోలేదు?

చెక్క విషయంలో సరిపోయింది. మామూలు గిటారులో పైపలక కంపించి గాలిని కదిలిస్తేనే మనకు వినపడుతుంది. ఎలక్ట్రిక్ గిటారులో ఆ పని యాంప్లిఫయర్‌ది. 1940 ప్రాంతంలో అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దుంగకు తీగలు బిగించి వాయించాడు. చూడ్డానికి గిటారులా ఉండాలని మరో గిటారును రెండుగా కోసి అటూ ఇటూ తగిలించాడు. ఏ చెక్కయితే ఏ నాదం వస్తుందన్న వాదన వాద్యకారుల మధ్య ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్లు ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. బాగా ఎండి, వంకర తిరగని చెక్క దొరికితే చాలు.

నెక్ మీది మెట్ల (ఫ్రెట్ల) దగ్గర ఈ ఉదారత పనికిరాదు. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే స్వరం ఒక అర్ధస్వరం పెరగాలి, పన్నెండు మెట్లకు కంపనాల వేగం సరిగ్గా రెట్టింపు కావాలి. అంటే మోగే తీగ పొడవు ప్రతిసారీ 1.05946తో భాగించినంతకు తగ్గాలి. లెక్క తేలికే: మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి మెట్టు దూరం వస్తుంది. రెడ్ స్పెషల్ తీగ పొడవు 24 అంగుళాలు, అంటే 609.6 మిల్లీమీటర్లు. నెక్ చివర తీగలు ఆనే నట్ నుంచి కొలిస్తే మొదటి మెట్టు 34.2 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 304.8 దగ్గర పడతాయి. గెలీలియో తండ్రి విన్సెంజో 16వ శతాబ్దంలో వీణలాంటి ల్యూట్ వాద్యానికి 18తో భాగించమన్నాడు. అలా చేస్తే పన్నెండో మెట్టు రెండు మిల్లీమీటర్లకు పైగా ముందే పడుతుంది. తీగను నొక్కినప్పుడు బిగువు పెరిగి శ్రుతి కాస్త పైకి పోతుంది కాబట్టి, ఆ తప్పు కొంతవరకు కలిసొచ్చేది కూడా.

ఒక మిల్లీమీటరు తేడా వస్తే? మొదటి మెట్టు దగ్గర అర్ధస్వరంలో సుమారు నూటికి మూడు వంతులు తప్పుతుంది, అంత పట్టించుకోం. పన్నెండో మెట్టు దగ్గర ఆరు వంతులు, ఇరవై నాలుగో దగ్గర పదకొండు. అందుకే మెట్టు నుంచి మెట్టుకు కొలవకూడదు, చిన్న చిన్న పొరపాట్లు పోగుపడతాయి. అన్నిటినీ నట్ నుంచే కొలవాలి. బొబ్బిలి వీణకూ ఇరవై నాలుగు మెట్లే, కానీ అవి మైనంలో కూర్చుంటాయి. చెవికి నచ్చేదాకా జరుపుకోవచ్చు. గిటారులో రంపం దిగాక జరపడం ఉండదు. గాడులు కోసిన రెడీమేడ్ ఫ్రెట్‌బోర్డు కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదని నా అభిప్రాయం.

ఆరు తీగల లాగుడు కలిపితే దాదాపు 35–40 కిలోల బరువంత. నెక్ లోపల స్టీలు కడ్డీ ఉండేది అందుకే. మే తండ్రీకొడుకుల బ్రిడ్జిలో (బాడీ మీద తీగలు ఆనే భాగం) ఒక పక్క ఈ లాగుడు, రెండో పక్క వాల్వు స్ప్రింగులు. మధ్యలో అది కత్తి అంచు మీద ఊగుతుంది. చేతికర్ర నొక్కితే తీగలు వదులై స్వరం జారుతుంది, వదిలేస్తే యథాస్థితికి రావాలి. ఎక్కడ ఒరిపిడి ఉన్నా రాదు. అందుకే కత్తి అంచు, అందుకే తీగల కింద చిన్న చిన్న రోలర్లు.

ఇక పికప్, అంటే తీగల కింద ఉండి వాటి ఊగును కరెంటు సంకేతంగా మార్చే భాగం. అయస్కాంతం తన పైనున్న స్టీలు తీగను కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది. ఆ తీగ ఊగితే అయస్కాంతం చుట్టూ చుట్టిన వైరు కాయిల్ గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనుక్కున్న సంగతే. నైలాన్ తీగ ఎంత ఊగినా పికప్‌కు ఏమీ తెలియదు. పుట్టేది వోల్టులో పదో వంతు అటూ ఇటూ. అది రావడానికే 0.06 మిల్లీమీటర్ల రాగి వైరును ఏడెనిమిది వేల చుట్లు చుట్టాలి. బ్రయాన్ మొదట తానే చుట్టాడు. శబ్దం బాగానే వచ్చింది గానీ, తీగను పక్కకు లాగి వాయిస్తే అయస్కాంత ధ్రువాల అమరిక వల్ల ఏదో గరగర వచ్చేది. చివరికి బర్న్స్ కంపెనీ పికప్‌లు మూడు కొన్నాడు. వదులుగా ఉన్న చుట్లు కంపించి కూత పెట్టకుండా వాటిలో ఆరాల్డైట్ పోశాడు. మన హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే ఆరాల్డైటే.

పికప్ ఎక్కడ పెట్టామన్నదీ స్వరాన్ని మారుస్తుంది. తీగ పొడవులో నాలుగో వంతు దగ్గర పెడితే, ఏ మెట్టూ నొక్కని తీగలోని నాలుగో హార్మోనిక్ (మూల స్వరానికి నాలుగు రెట్ల వేగంతో పలికే ఉపస్వరం) దానికి దాదాపు వినపడదు. ఆ హార్మోనిక్‌కు అక్కడ కదలికే ఉండదు మరి. రెడ్ స్పెషల్‌లో ఒక్కో పికప్‌కు రెండేసి స్విచ్‌లు: ఒకటి ఆన్, ఆఫ్‌కు, ఇంకోటి ఫేజ్ తిప్పడానికి, అంటే సంకేతాన్ని తలకిందులు చేయడానికి. రెండు పికప్‌లను ఎదురు ఫేజ్‌లో కలిపితే రెండింటిలోనూ ఒకేలా ఉన్న కింది స్వరం చాలావరకు కొట్టుకుపోయి, పై హార్మోనిక్స్ పదునుగా మిగులుతాయి. ఎంత ఖరీదైన చెక్కయినా ఆ స్విచ్ తెచ్చినంత మార్పు తేలేదు.

యాంప్లిఫయర్ కూడా సొంతంగానే చేద్దామనిపిస్తుంది. పాత వాల్వు (వాక్యూమ్ ట్యూబు) రకం జోలికి మాత్రం తెలియకుండా వెళ్లకండి, అందులో వందల వోల్టులుంటాయి. గిటారు వైపు ఆ భయం లేదు. 50 హెర్ట్జ్ కరెంటు హమ్ తగ్గాలంటే పికప్ గుంతలకు రాగి రేకు అతికించి గ్రౌండ్‌కు కలపాలి.

బ్రిడ్జిని ఖచ్చితంగా 609.6 దగ్గర బిగించేయకూడదు. నొక్కితే శ్రుతి పెరుగుతుందన్నాం కదా, ఆ మేరకు తీగ ఆనే శాడిల్ రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి, లావు తీగలకు ఇంకాస్త ఎక్కువ. పన్నెండో మెట్టు మీద వేలు తాకించి హార్మోనిక్ పలికించండి. తర్వాత అక్కడే నొక్కి వాయించండి. ఫోన్‌లోని ట్యూనర్ రెండోదాన్ని ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకు జరపాలి. జరిపిన ప్రతిసారీ తీగను మళ్లీ శ్రుతి చేశాకే చూడాలి.