కారు హారన్ గొంతు మార్పిడి వెనుక కథ

కంపెనీ బిగించిన హారన్ తీసేసి నచ్చిన మోత వచ్చేదాన్ని పెట్టించుకోవడం ఈ కాలపు సరదాగా కనిపిస్తుంది గానీ, తొలి రోజుల్లో మోటారు బండికి ఇదీ స్వరమని చెప్పగలిగిందేదీ లేదు. బ్రిటన్‌లో 1865 నాటి చట్టం ఇంజనుతో నడిచే బండికి ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలంది. ముందు మనిషి నడవాలన్న నిబంధనను తేలికపాటి మోటారు బండ్లకు 1896లో తొలగించినప్పుడు, గంట గానీ తగినంతగా వినిపించే మరో సాధనం గానీ బండికే ఉండాలన్నారు. అది ఎలా మోగాలో మాత్రం చెప్పలేదు. దాంతో గంటలు, ఈలలు, రబ్బరు బుడ్డి నొక్కితే మోగే ఇత్తడి బూరలు, ఇంజను పొగ ఒత్తిడితో పలికే గొట్టాలు అన్నీ రోడ్డెక్కాయి.

వీటన్నిటినీ వెనక్కి నెట్టింది క్లాక్సన్. అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్ రూపొందించిన ఈ హారన్ 1908లో మార్కెట్లోకి వచ్చింది. పళ్ల చక్రం తిరుగుతూ పల్చటి ఉక్కు పలక నడుమ ఉన్న బొడిపెను వరసగా కొడుతుంటే, చక్రం వేగంతో పాటే స్వరం పెరిగి తగ్గి ‘అహూగా’ అన్న అరుపు పుట్టేది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు వస్తోందని కందకాల్లోని సైనికులను హెచ్చరించడానికి కూడా దీన్నే వాడారంటే, ఎంత కర్ణకఠోరంగా ఉండేదో ఊహించుకోవచ్చు.

తర్వాత స్థిరపడిన విద్యుత్ హారన్‌లో చక్రం లేదు. విద్యుదయస్కాంతం పలకను లాగగానే కరెంటు తెగుతుంది, పలక వెనక్కి రాగానే మళ్లీ అందుతుంది; ఇది సెకనుకు కొన్ని వందల సార్లు జరుగుతుంది. చాలా కార్లలో సుమారు 400, 500 హెర్ట్జ్‌ల హారన్‌లు రెండు జంటగా మోగుతాయి. 4:5 నిష్పత్తిలో ఉన్న ఆ రెండు స్వరాల మధ్య దూరం షడ్జమానికీ అంతర గాంధారానికీ మధ్య ఉన్నంతే కనుక, ఎంత చిరాకులో విన్నా అది శ్రుతి కుదిరిన మోతే. బిళ్ల ఆకారపు హారన్ రద్దీ రొదను చీల్చుకుపోయేలా కీచుగా పలికితే, నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉన్నది నిండుగా, మెత్తగా పలుకుతుంది. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టేటప్పుడు పనితనం చిన్న విషయాల్లోనే తెలుస్తుంది. ఎక్కువ కరెంటు లాగే జంటకు విడిగా రిలే (తక్కువ కరెంటుతో ఎక్కువ కరెంటును కలిపే స్విచ్చి), ఫ్యూజు ఉండాలి. గొట్టం నోరు నీళ్లు నిలవకుండా కిందికి వాలాలి. హారన్ ఒళ్లు బండి రేకుకు తగిలితే పలక స్వేచ్ఛగా అదరక గొంతు బొంగురుపోతుంది.

కంప్రెసర్‌తో పనిచేసే గాలి హారన్‌లు వచ్చాక ఒక్కో బూరను వంతులవారీగా ఊది పాటలే పలికించడం మొదలైంది. పేచీ అక్కడే. ఐక్యరాజ్యసమితి 28వ నంబరు వాహన నిబంధన కారు హారన్ శబ్దం రెండు మీటర్ల దూరంలో 105–118 డెసిబెల్స్ మధ్య ఉండాలనీ, తెంపులేకుండా ఒకే తీరుగా మోగాలనీ చెబుతుంది. కాబట్టి రెండు స్వరాలు ఏకకాలంలో పలికే జంటకు ఇబ్బంది లేదు గానీ, ఒకదాని తర్వాత ఒకటి మారే బాణీకి చోటులేదు. నా దృష్టిలో ఇది సబబైన గీతే. ఎదుటివాడు పాటను పోల్చుకునే లోపు బండి మీదికి వచ్చేస్తుంది.

ఇప్పుడు స్పానరు అవసరం కూడా లేదు. యజమాని ఎంచుకున్న శబ్దాలను కారు బయటి స్పీకరు నుంచి వినిపించే సదుపాయాన్ని టెస్లా 2020 డిసెంబరులో తెచ్చింది. పెద్దగా చప్పుడు చేయని విద్యుత్ కారు పాదచారులను హెచ్చరించడానికి తప్పనిసరిగా చేయాల్సిన ధ్వనిని అది కప్పేయవచ్చన్న కారణంతో 2022 ఫిబ్రవరిలో అమెరికాలో సుమారు 5.78 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించి, బండి గేరులో ఉన్నప్పుడు ఆ శబ్దాలు రాకుండా సాఫ్ట్‌వేర్ మార్చారు.