ఉమ్మెత్తను మరగబెడితే విషం పోతుందా?

నేను మొక్కల రసాయనాల మీద పనిచేస్తానని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "ఉమ్మెత్త ఆకు పచ్చిగా తింటేనే విషమట కదా, ఎండబెట్టి కషాయం కాస్తే పోతుందట కదా?" పోదండీ. ఈ ఒక్క "అట"ను నమ్మే జనం ఆసుపత్రుల పాలవుతున్నారు.

అందులోని విషాలు అట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసుకునే ఒక రకం రసాయనాలు. కషాయం కాచినంత మాత్రాన అవి నాశనం కావు. పైగా మొక్కలో లవణాల రూపంలో ఉంటాయి కాబట్టి, మరిగేకొద్దీ ఆకులోంచి నీళ్లలోకి దిగుతాయి, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. విషం తీసేస్తున్నామనుకుంటూ దాని సారమే కాచుకుంటున్నారన్నమాట. ఇక ఎండబెట్టడమా? మా ల్యాబ్‌లో ఏళ్లుగా సీసాలో పడున్న ఆకు పొడి ఒకటి ఉండేది, రంగు వెలిసి గడ్డిలా అయిపోయింది. దాని సారం తీసి, ఫ్యూమింగ్ నైట్రిక్ ఆమ్లం వేసి ఆరబెట్టి, ఎసిటోన్‌తో పాటు ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశాను. పింగాణీ గిన్నె అడుగున, ఆ విషాలుంటే వచ్చే ఊదారంగు విచ్చుకుంది. సరుకు ఎక్కడికీ పోలేదు.

"రెండాకులే కదా" అనేది దీనికి తోడబుట్టిన మాట. ఈ ఆల్కలాయిడ్లు ఎక్కువగా వేళ్లలో తయారై పైకెక్కుతాయి. ఉమ్మెత్త మొదలుకు టమాటా కొమ్మను అంటుకడితే ఆ టమాటా ఆకుల్లోకీ చేరతాయి! పక్కపక్క మొక్కల్లోనే మోతాదు తేడా ఉంటుంది, ఆకులు లెక్కపెట్టి ఏం కొలుస్తారు? ప్రభావం కనబడటానికి అరగంటో గంటో పట్టొచ్చు, ఈలోగా ఏం కాలేదని ఇంకాస్త తాగేవాళ్లున్నారు. ఆ తర్వాత నోరెండిపోతుంది, చూపు మసకబారుతుంది, ఒళ్లు కాలిపోతుంది, మూత్రం రాదు, ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడతారు. అలాంటప్పుడు చిట్కాలు వెతక్కుండా, మిగిలిన ఆకో కాయో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మిగతావి గబగబా. తెల్ల ఉమ్మెత్త మంచిది, నల్లదే విషం అంటారు. రెండూ విషమే. వంకాయ, టమాటా దీని చుట్టాలే, అలాగని వాటిలో అట్రోపిన్ ఉండదు, నిశ్చింతగా తినండి. పెరట్లో మొలిచిందని టెన్షన్ పడేవాళ్లకు: ముట్టుకున్నంత మాత్రాన చావరు, గ్లవ్స్ వేసుకుని పీకేసి చేతులు కడుక్కోండి.

కడుక్కోకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒకసారి ముళ్లకాయలు కోస్తూ మధ్యలో కన్ను నలుపుకున్నాను. సాయంత్రం అద్దంలో చూస్తే ఒక కంటిపాప మామూలుగా ఉంది, రెండోది ఇంతై కూర్చుంది. మెదడులో ఏదో అయిందని హడలిపోయి పరుగెత్తాను. డాక్టర్ అన్నీ పరీక్షించి, నా గోళ్లలోని ఆకుపచ్చ మరక చూసి, "ఏం మొక్క కోశారు?" అన్నాడు.