గుల్మార్గ్ మంచులో మధ్యాహ్న భోజనం: అపోహలు - వాస్తవాలు

అమలాపురం నుంచి యాత్రా బృందాలను తీసుకువెళ్లడం నా వృత్తి. కాశీ, గయ యాత్రలతో మొదలుపెట్టిన నేను కొన్నేళ్లుగా సంక్రాంతి వెళ్లాక, దాళ్వా నాట్లు ముగిసి సార్వా ధాన్యం డబ్బు చేతికందిన కుటుంబాలను కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు కూడా తీసుకువెళుతున్నాను. విమాన టికెట్లు, గదులు, గండోలా (కొండ పైకి తీసుకువెళ్లే రోప్‌వే) టికెట్ల ధరలను పైసాతో సహా లెక్క చూసుకునే మనవాళ్లు మధ్యాహ్న భోజనాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయిదుగురున్న కుటుంబానికి కొండ మీద ఆ ఒక్కపూట అయ్యే ఖర్చు చూసి, తిరుగు ప్రయాణంలో నన్ను నిలదీసినవారు చాలామందే ఉన్నారు. ప్రతి ఏడాదీ నాకు ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ప్యాకేజీలో భోజనం కలిసే ఉంటుంది కాబట్టి మళ్లీ ఆలోచించనక్కరలేదు.

వాస్తవం: కొండ ప్రాంతాల హోటళ్లు ఎక్కువగా అమ్మేది ఎంఏపీ అనే పద్ధతి. దాని ప్రకారం గదితో పాటు ఉదయపు ఫలహారం, మరొక్క పూట భోజనం మాత్రమే ఇస్తారు, ఆ మరొక పూట సాధారణంగా రాత్రి భోజనమే అవుతుంది. సీపీ అంటే ఫలహారం మాత్రమే, ఈపీ అంటే గది తప్ప మరేమీ లేదు, మూడు పూటలా భోజనం ఉండేది ఏపీ అనే పద్ధతిలో మాత్రమే. పగలంతా మంచులో గడిపే రోజున మధ్యాహ్న భోజనం ఈ ఏర్పాట్లలో చాలావరకు మన నెత్తినే పడుతుంది. రాత్రి భోజనానికి బదులు మధ్యాహ్నం పెట్టమని, లేదా ఫలహారాన్ని పొట్లాలు కట్టి ఇమ్మని ముందురోజు సాయంత్రమే అడిగితే ఒప్పుకునే హోటళ్లు ఉన్నాయి, కానీ ఆ రోజు ఉదయం అడిగితే వంటవాళ్లు ఎంత మంచివాళ్లయినా చేయగలిగేది ఉండదు.

అపోహ: కొండ మీద ఎక్కడ తిన్నా ధర ఒకటే.

వాస్తవం: ఎక్కడ తింటున్నామనే దానికన్నా ఎంత ఎత్తులో తింటున్నామనేదే ధరను నిర్ణయిస్తుంది. శ్రీనగర్ నుంచి వచ్చే దారిలో, గుల్మార్గ్‌కు సుమారు 13 కిలోమీటర్ల దిగువన తంగ్‌మార్గ్ ఉంది. మంచు ఎక్కువగా కురిసిన రోజుల్లో చక్రాలకు గొలుసులు కట్టిన వాహనాల్లోకి మారడానికి ఎలాగూ అక్కడ ఆగవలసి వస్తుంది. అది స్థానికులు తినే ఊరు, ధరలు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి. దాని పైన 2,650 మీటర్ల ఎత్తులో గుల్మార్గ్, గండోలా మొదటి దశ ముగిసే కొంగ్‌డూరి 3,080 మీటర్ల ఎత్తులో, రెండో దశ చేరే అఫర్వత్ దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ప్రతి అంచెకూ బియ్యం, గ్యాసు, నీళ్లు మోసుకుపోయే ఖర్చు పెరుగుతుంది కాబట్టి, పైన టీ ధర విని దుకాణదారును దోపిడీదారని తిట్టడం న్యాయం కాదు. మన లంక గ్రామాల్లో పడవ మీద రేవు దాటి వచ్చే సరుకు ధర తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అందువల్ల నేను పాటించే పద్ధతి ఇది. గండోలా టికెట్టును ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకుని, ఎక్కే వేళకు గంటన్నర ముందు, అంటే పదిన్నర, పదకొండు గంటల మధ్య, తంగ్‌మార్గ్‌లోనో గుల్మార్గ్ బజారులోని చిన్న ధాబాలోనో అందరికీ పూర్తి భోజనం పెట్టిస్తాను. పొలం పనుల రోజుల్లో మన ఇళ్లలో పెందలాడే అన్నం తినే అలవాటు ఉండేది కాబట్టి పెద్దవాళ్లు ఈ వేళకు ఇబ్బంది పడరు, మారాం చేసేది పట్నంలో చదివే పిల్లలే. పైకి వెళ్లాక టీ, సంచిలోని చిరుతిండి సరిపోతాయి. రెండో దశ దాటాక తినడానికి ఏదైనా దొరుకుతుందని మాత్రం ఎవరూ లెక్కవేసుకోకూడదు. దిగేటప్పుడు వరుస ఎంత పొడవుంటుందో ముందుగా చెప్పలేము కనుక, కిందికి వచ్చాక తిందామనుకునే కుటుంబాలే ఆకలికి తాళలేక పైన ఎక్కువ డబ్బు పెడతాయి.

అపోహ: అక్కడ అన్నం దొరకదు, అన్నీ రొట్టెలే.

వాస్తవం: ఈ మాటే మన వాళ్ల చేత సంచుల కొద్దీ బియ్యం మోయిస్తుంది. కాశ్మీరీలు కూడా మనలాగే అన్నం తినే జనం. అన్నాన్ని వారు బత్త అంటారు, భోజనం అన్నా వారికి అదే మాట. ఆకుకూరతో చేసే హాఖ్, తామర తూళ్లతో చేసే నద్రూ కూర, రాజ్మా, పెరుగు అన్నంతో కలిపి తినేవే. మన స్వర్ణ అన్నంలా కాక అక్కడి అన్నం కాస్త పొట్టిగా, ముద్దగా ఉంటుంది, అంతే తేడా. ధాబాలో రాజ్మా చావల్ ఒక పళ్లెం పెద్దవారొకరికి, చిన్నపిల్ల ఒకతికి సరిపోతుంది కాబట్టి, మనిషికొకటి చొప్పున చెప్పకుండా ముందు మూడు తెప్పించి చూడమని నేను కుటుంబాలకు చెబుతుంటాను.

వాజ్వాన్ అనే కాశ్మీరీ విందు గురించి అడిగేవారికి ఒక్క మాట. త్రామి అనే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినే ఆ విందు చాలా గొప్పది, కానీ అది శ్రీనగర్‌లో ఒక రాత్రికి దాచుకోవలసిన ఖర్చు. గోష్తాబా (పెరుగు పులుసులో ఉడికించిన మాంసపు ఉండలు) తిన్న కడుపుతో మంచులో జారడం ఎవరికీ హాయిగా ఉండదు.

అపోహ: కుక్కరు, స్టవ్ తీసుకువెళ్లి గదిలో వండుకుంటే అన్నిటికన్నా చవక.

వాస్తవం: అగ్నిప్రమాద భయంతో చాలా హోటళ్లు గదిలో వంట ఒప్పుకోవు. చెక్క కట్టడాలు ఎక్కువగా ఉండే చోట ఆ భయం సహేతుకమే. పైగా గాలి ఒత్తిడి తగ్గడం వల్ల గుల్మార్గ్ ఎత్తులో నీరు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతుంది, అందువల్ల మూత పెట్టిన గిన్నెలో అన్నం ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది, కందిపప్పు సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రెషర్ కుక్కరులో ఉడుకుతుంది కానీ మామూలు కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. వంటగది ఉన్న ఇంటిని అద్దెకు తీసుకున్న పెద్ద కుటుంబాలకు మాత్రమే ఈ పద్ధతి గిట్టుబాటవుతుంది.

అపోహ: పులిహోర కట్టుకుంటే చాలు, చలిలో పాడవదు.

వాస్తవం: ఈ అపోహకు మొదటి బాధితుడిని నేనే. మొదటి ఏడాది తెల్లవారుజామున శ్రీనగర్‌లో ఇరవై రెండు మందికి పులిహోర కలిపించి, చింతపండు పులుపూ పసుపూ ఉన్నాయి కదా అన్న ధైర్యంతో కొంగ్‌డూరికి మోయించాను. పన్నెండున్నరకు పొట్లాలు విప్పితే అన్నం పాడవలేదు, కానీ మెతుకు మెతుకూ గులకరాయిలా బిగుసుకుపోయింది, వేరుశనగ నూనె తెల్లగా పేరుకుంది. వండిన అన్నంలోని పిండిపదార్థం చల్లబడిన కొద్దీ తిరిగి గట్టిపడుతుందని, గడ్డకట్టే స్థితికి కాస్త పైన ఉండే చలిలో అది మరీ త్వరగా జరుగుతుందని నాకు ఆ తరువాత తెలిసింది. ఆ రోజు అందరికీ మ్యాగీ నేనే కొనిపెట్టాను, ఆ యాత్రలో నాకు మిగిలింది ఏమీ లేదు.

ఇప్పుడు ఉదయాన్నే కాందుర్ అనే రొట్టెల దుకాణంలో గిర్దాలు కొంటాము. తందూరులో కాల్చే ఆ గుండ్రటి రొట్టెలు స్థానికుల పొద్దుటి ఆహారం కాబట్టి చవకగా దొరుకుతాయి. వాటికి ఉడికించిన గుడ్లు, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ తోడైతే పిల్లలు సైతం వంక పెట్టకుండా తింటారు. వీటితో పాటు చేగోడీలు, సున్నుండలు, కొబ్బరి లౌజు, ఇంటికి ఒకటి చొప్పున వేడినీళ్ల ఫ్లాస్కు ఉండాలి. చలిలో దాహం తెలియదు కానీ పొడిగాలికి ఒంట్లో నీరు తగ్గుతుంది. దానివల్ల వచ్చే తలనొప్పిని కొందరు ఆకలని పొరబడి మళ్లీ దుకాణం వైపు నడుస్తారు.

విమాన ప్రయాణం గురించి కోనసీమ వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండు కొబ్బరి, అంటే మన కురిడీ, నూనె శాతం ఎక్కువై తనంతట తానే వేడెక్కే స్వభావం గల సరుకు కనుక చెక్-ఇన్ సామానులో అనుమతించరు. ఆవకాయ జాడీని చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో ఆపుతారు, గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ సామానులో పెట్టాలి.

అపోహ: నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే ఎక్కడైనా నేరమే.

వాస్తవం: దుకాణంలో అయితే అలా తీసుకోకూడదు. కానీ కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పింది కాబట్టి, బల్ల దగ్గర గొడవపడటం కంటే సీసాలను బయటి దుకాణంలో కొనుక్కోవడం మేలు. సేవా రుసుము సంగతి వేరు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. అందుచేత తీసివేయమని మర్యాదగా అడగవచ్చు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంటులో జీఎస్టీ 18 శాతం, మామూలు ధాబాలో 5 శాతం అని కూడా గుర్తుంచుకుంటే, ఒకే రాజ్మా చావల్‌కు రెండు బిల్లులు ఎందుకంత దూరంగా ఉంటాయో కొంతవరకు అర్థమవుతుంది.

అమెరికాలోనూ ఐరోపాలోనూ ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కూడా అక్కడి మంచు కొండల మీద మధ్యాహ్న భోజనం సంగతి నన్ను అడుగుతుంటారు. ఫ్రాన్సు స్కీ కేంద్రాల్లో చాలాచోట్ల ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం తినడానికి విడిగా గది ఉంటుంది, అమెరికాలో అనేక లాడ్జీల్లోనూ అటువంటి చోటు కేటాయిస్తారు. అయితే రెస్టారెంటు బల్లల మీద సొంత డబ్బా విప్పడాన్ని అక్కడ హర్షించరు కాబట్టి, ఆ చోటు ఎక్కడుందో టికెట్టు కిటికీ దగ్గరే అడిగి తెలుసుకోమని చెబుతాను.