చలికాలంలో కారు: షెడ్డులో రోజూ వినే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

చలి ముదిరిన మొదటి వారంలోనే మాకు ఫోన్లు పెరుగుతాయి. "నిన్న సాయంత్రం దాకా బంగారంలా నడిచిందండీ, రాత్రికి రాత్రే ఏమైందో అర్థం కావట్లేదు" అనే మాట దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంటుంది. బానెట్ ఎత్తి చూస్తే అది రాత్రికి రాత్రే వచ్చిన జబ్బు కాదని తెలిసిపోతుంది. ఎండాకాలం నుంచీ లోపల్లోపల ముదురుతూ వచ్చింది, చలికి బయటపడింది, అంతే. ఇరవై ఏళ్లకు పైగా బండ్ల పని చేస్తున్నాను. చలి కొత్తగా పాడుచేసిన కార్లు నాకు తగిలింది తక్కువే. అప్పటికే నీరసించి చలికి ఆగిపోయినవే ఎక్కువ. ఇక మూడో రకం ఒకటుంది: ఎవరో చెప్పిన చిట్కా నమ్మి చేసిన వైద్యంతో పాడైనవి. వాటిని చూస్తేనే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ ఖర్చులో ముప్పాతిక భాగం తప్పించుకోగలిగేదే.

అపోహ: బ్యాటరీని చంపేది చలి

చంపేది ఎండ. వేడికి బ్యాటరీ లోపలి ప్లేట్లు త్వరగా అరిగిపోతాయి, నీరు ఆవిరైపోతుంది. ఎండలు ఉన్నన్నాళ్లూ ఇంజిన్ సులువుగా తిరుగుతుంది కాబట్టి ఆ నీరసం మనకు తెలియదు. చలి వచ్చాక లెక్క మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇవ్వగల బలం సుమారు మూడో వంతు తగ్గిపోతుంది, మైనస్ 18 దగ్గర సగం కూడా మిగలదు. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ని తిప్పడానికి సెల్ఫ్ మోటారు మామూలుకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇచ్చే చెయ్యి చిన్నదై, అడిగే నోరు పెద్దదైతే బండి ఎలా కదులుతుంది?

తాళం తిప్పినప్పుడు చెవి పెట్టి వినండి. లైట్లు మసకబారి "టకటకటక"మని గబగబా చప్పుడొస్తే బ్యాటరీలో చార్జి లేదని అర్థం, లేదా టెర్మినళ్లు వదులుగా ఉన్నాయి. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ, ఒక్కసారి "టక్" అని ఆగిపోతే సెల్ఫ్ మోటారునో దాని వైరింగ్‌నో అనుమానించాలి. ఈ తేడా తెలియక బాగున్న బ్యాటరీని మార్చేసి, మర్నాడు మళ్లీ నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక టెర్మినళ్ల మీద పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 చూపిస్తే పావు వంతే. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్లతో తోమి, ఆరబెట్టి, గట్టిగా బిగించండి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఆంపియర్ అవర్లతో పాటు సీసీఏ అంకె కూడా చూడాలి. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత అది.

ఒక హెచ్చరిక. పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ అంత తేలిగ్గా గడ్డకట్టదు. చార్జి దిగిపోయినదాంట్లో ఆమ్లం పలచబడి, మైనస్ 10 చుట్టుపక్కలకే గడ్డకట్టేస్తుంది. డబ్బా పక్కలు ఉబ్బి కనిపిస్తే దానికి కేబుళ్లు తగిలించొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, పేలిపోతుంది. ఉబ్బని, చార్జి మాత్రమే దిగిన బ్యాటరీకి రెండో బండి నుంచి కేబుళ్లు తగిలించేటప్పుడు కూడా వరస తప్పకూడదు. ముందు దిగిపోయినదాని ప్లస్, తర్వాత రెండో బండి ప్లస్, దాని మైనస్. చివరి కొస మాత్రం మీ బ్యాటరీ మైనస్‌కి కాదు, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి పెట్టాలి. ఆఖరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ ఎగురుతుంది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది. ఆ రెండూ కలవకూడదు.

అపోహ: పొద్దున్నే పది పదిహేను నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచాలి

ఇది కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాత పరికరం) కాలం నాటి మాట. చోక్ లాగి, వేడెక్కేదాకా ఆగకపోతే బండి దగ్గి దగ్గి ఆగిపోయేది. ఆనాటి డ్రైవర్లు చెప్పింది ఆనాటికి నిజమే. ఇప్పటి బండ్లలో పెట్రోలు కొలిచి పోసేది కంప్యూటర్. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ అది పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాలని ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. నిలబెట్టి ఉంచితే ఇంజిన్ చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి ఈ నష్టం ఇంకా ఎక్కువసేపు సాగుతుంది.

స్టార్ట్ చేసి అర నిమిషం, మహా అయితే నిమిషం ఆగండి. ఆయిల్ పైదాకా చేరుతుంది. ఆ తర్వాత మొదటి పది నిమిషాలు మెత్తగా నడపండి, రేజ్ చేయొద్దు. గేర్‌బాక్సు, బేరింగులు, టైర్లు కూడా వేడెక్కాలి కదా, అవి బండి కదిలితే తప్ప వేడెక్కవు. అద్దాల మీద మంచు పట్టి ఉంటే మాత్రం పూర్తిగా తీసేదాకా బయల్దేరకండి. చిన్న కన్నమంత గీసుకుని అందులోంచి చూస్తూ నడిపేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తే, దాని అడుగున మీగడలాంటి లేత పసుపు జిగురు కనిపిస్తుంది కొందరికి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని హడలిపోతారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో, ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, లోపలి చెమ్మ ఆయిల్‌తో కలిసి అలా అవుతుంది. వారానికోసారి అరగంటకు పైగా ఆగకుండా నడిపితే చాలావరకు పోతుంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉండి, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే అప్పుడు గ్యాస్కెట్‌ని అనుమానించాలి. పొద్దున్నే కాసేపు కనిపించే తెల్ల ఆవిరి మనం చలిలో నోటితో వదిలే ఆవిరిలాంటిదే.

అపోహ: కూలెంట్ ఎంత చిక్కగా పోస్తే అంత మంచిది, లేదా నీళ్లు చాలు

రెండూ తప్పే. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లోని ముఖ్య రసాయనం) కలిపితే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. నీరు కలపని గ్లైకాల్ ఒక్కటే పోస్తే మైనస్ 13 దగ్గరే గడ్డకట్టేస్తుంది. వినడానికి వింతగా ఉన్నా నిజం ఇదే. పైగా నీరు లేకపోతే అది వేడిని కూడా సరిగా మోయలేదు.

ఇక వట్టి నీళ్ల సంగతి. వేసవంతా రేడియేటర్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లే పోసుకుంటూ వచ్చిన ఒక కారు మా షెడ్డుకు లాగుడు బండి మీద వచ్చింది. మంచు కురిసే చోటికి వెళ్లి రాత్రంతా బయట పెట్టారు. పొద్దున స్టార్ట్ చేశారు, అయింది. కాసేపటికి హీటర్ చల్లబడింది, ఇంజిన్ వేడి చూపే సూది పైకెక్కింది. నేను బ్లాకు తుడిచి లైటు పెట్టి చూస్తే, పక్క గోడ మీద వెంట్రుకంత గీత, అందులోంచి చెమట పట్టినట్టు నీటి బొట్లు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పోత ఇనుము దాన్ని ఆపలేదు. బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు బిళ్లలు ఊడిపోయి ఇంజిన్‌ని కాపాడతాయని చాలామంది నమ్ముతారు. బ్లాకు పోత పోసేటప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన కన్నాల మూతలు అవి. ఒక్కోసారి ఊడితే ఊడతాయి, వాటిని నమ్ముకోకూడదు.

రంగు చూసి కూలెంట్ కలపడం కూడా మానండి. ఏ రంగు ఏ రకానిదో అందరూ ఒప్పుకున్న నియమం ఏదీ లేదు. బండితో వచ్చిన పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే పోయండి. కింద ఒలికితే వెంటనే కడిగేయండి. తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలూ పిల్లులూ నాకేస్తాయి.

థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వ్) తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని చెప్పే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. మా వృత్తిలోవాళ్లే కాబట్టి ఇది మరీ బాధగా చెబుతున్నాను. ఇంజిన్ చల్లగా ఉండకూడదు, 90 డిగ్రీల చుట్టూ ఉండాలి. చలికాలంలో హీటర్ గోరువెచ్చగానే వీస్తూ, మైలేజీ పడిపోతే ముందు ఆ వాల్వే చూడండి, తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు.

అపోహ: పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించాలి

చలే మీకంటే ముందు తగ్గించేస్తుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడితే గాలి ఒక పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) పడుతుంది. 30 డిగ్రీల ఎండలో 33 కొట్టించిన టైరు, సున్నా డిగ్రీల పొద్దున 28 చూపిస్తుంది. దాన్ని ఇంకా తగ్గిస్తే టైరు అంచులు అరిగి, మలుపుల్లో బండి మాట వినదు. బండి కదలకముందే కొలిచి, తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకెకు నింపండి.

మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిగుసుకుంటుంది, అందుకే మంచు ప్రాంతాల్లో చలికాలపు టైర్లు వేరు. నాలుగు చక్రాలకూ వేయాలి, ముందు రెండింటికే కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్న ధీమా కూడా వద్దు. అది బండిని కదిలిస్తుంది, ఆపదు. ఆపేది టైరు పట్టే. ఏబీఎస్ (బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పని చేసేటప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది, భయపడి కాలు తీయకండి, గట్టిగా నొక్కే ఉంచండి. వదులు మంచు మీద ఏబీఎస్‌తో ఆగే దూరం పెరగొచ్చు కూడా, ముందు బండికి ఎడం ఎక్కువ ఉంచాలి.

అపోహ: డీజిల్ గడ్డకట్టకుండా కాస్త పెట్రోలు కలపొచ్చు

పాత పంపుల కాలంలో నడిచిన చిట్కా ఇది. ఇప్పటి కామన్ రైల్ (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఒకే గొట్టం ద్వారా ఇంజెక్టర్లకు పంపే) ఇంజిన్లలో హై ప్రెషర్ పంపుకు నూనె వేరే ఏదీ ఉండదు, డీజిలే దానికి నూనె. పెట్రోలు కలిస్తే ఆ జిడ్డు పోయి పంపు అరిగి, ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. అప్పుడు మార్చాల్సింది ఒక్క పంపుతో ఆగదు. చలికి డీజిల్‌లోని మైనం గడ్డలై ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. చలి ప్రాంతంలో దొరికే చలికాలపు డీజిల్ అక్కడే పోయించుకోండి, డీజిల్ గడ్డకట్టకుండా మందు కలపాలంటే మైనం కట్టకముందే కలపాలి. ఆగిపోయాక వెచ్చటి చోటికి లాగి, ఫిల్టర్ మార్చాలి. ట్యాంకు కింద మంట పెట్టే అలవాటు మాత్రం ఎవరికీ వద్దు.

మిగతావి రెండు ముక్కల్లో. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్లు పోస్తే చిన్న పగులు ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. చలికాలంలో ఏసీ వాడకూడదన్నది తప్పు. లోపలి అద్దానికి ఆవిరి పడితే హీటర్‌తో పాటు ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా బటన్ మార్చండి, ఏసీ గాలిలో చెమ్మ లాగేస్తుంది. చిక్కటి ఆయిల్ చలికి మంచిదన్నదీ తప్పే. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. తడిసిన బండిని గడ్డకట్టే రాత్రి హ్యాండ్ బ్రేక్ వేసి వదిలితే పొద్దున చక్రం కదలదు. సమంగా ఉన్న చోట గేరులో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టండి. వైపర్లు అద్దానికి అతుక్కుని ఉండగా స్విచ్ వేయకండి, ఫ్యూజు పోతుంది.

అపోహ: షట్టర్ కాస్త తెరిచి ఉంటే గ్యారేజీలో ఇంజిన్ నడపొచ్చు

వద్దు. షట్టర్ పూర్తిగా తెరిచి ఉన్నా వద్దు, ఇంజిన్ వేడెక్కడానికి ఆగేది బండిని బయటికి తీశాకే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, చల్లటి ఇంజిన్ దాన్ని ఎక్కువగా వదులుతుంది. మంచు కురిసిన చోట స్టార్ట్ చేసే ముందు బండి వెనక్కి వెళ్లి సైలెన్సర్ మూతి చూడండి. మంచు కప్పేసి ఉంటే ఆ పొగ బండి కిందికి చేరి, లోపలికి వస్తుంది. దారిలో మంచులో ఇరుక్కుపోయి హీటర్ కోసం ఇంజిన్ నడపాల్సి వస్తే గంటకు పది నిమిషాలే నడపండి, గాలి కొట్టే వైపు కాకుండా రెండో వైపు అద్దం కొంచెం దించండి, ప్రతిసారీ ముందు సైలెన్సర్ చుట్టూ మంచు తీయండి. లోపలున్నవాళ్లలో ఎవరికైనా తలనొప్పి, వికారం, మగత మొదలైతే చలి అని చూడకుండా ఇంజిన్ ఆపి, అందరినీ బయటి గాలిలోకి దించండి.