రొమ్ములో గడ్డ, చంకలో బిళ్ళ: లింఫోమాను విడిగా గుర్తించడానికి ఎందుకంత కాలం పట్టింది

చంకలో బిళ్ళ కట్టినప్పుడు, అది రొమ్ము క్యాన్సర్ పాకడం వల్ల వచ్చిందో, లింఫు గ్రంథిలోనే పుట్టిన లింఫోమా అనే తెల్లరక్తకణాల క్యాన్సరో చేత్తో తడిమితే తెలియదు. స్కానింగ్‌లోనూ చాలాసార్లు తేలదు. ఇక నేరుగా రొమ్ములోనే మొదలయ్యే లింఫోమా మరీ అరుదు. రొమ్ములో వచ్చే క్యాన్సర్లలో అది నూటికి ఒకటి కూడా ఉండదు. అందుకే గడ్డ కనపడగానే అది ముందుగా ఎవరికీ తట్టదు. కానీ రెండింటి వైద్యం వేరు. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్‌ది పెద్ద పాత్ర. లింఫోమాకు మందులే ప్రధానం, కొందరికి రేడియేషన్ కూడా ఇస్తారు. రొమ్ము తీసేసినందువల్ల అక్కడ ఒరిగేది ఏమీ లేదు. పొరపాటు పడితే ఒక స్త్రీ అనవసరంగా రొమ్ము పోగొట్టుకుంటుంది, పైగా అసలు వైద్యం ఆలస్యమవుతుంది.

ఇప్పుడు లింఫోమాల్లో ఒకటిగా లెక్కించే లింఫు గ్రంథుల జబ్బును 1832లో లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన థామస్ హాడ్కిన్ వర్ణించాడు. అప్పుడాయన చూసింది ఉబ్బిన గ్రంథులను, ప్లీహాన్ని, అదీ మామూలు కంటితో. ఆ జబ్బులో కనిపించే ప్రత్యేక కణాన్ని 1898లో స్టెర్న్‌బర్గ్, 1902లో డొరొతీ రీడ్ వివరించారు. ఈలోగా అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ రొమ్మును, ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసేసే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. దాదాపు ఎనభై ఏళ్లు అదే రాజ్యమేలింది.

ఆ రోజుల పద్ధతి తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. మత్తులో ఉన్న మనిషి గడ్డలోంచి ముక్క తీసి, చల్లబరిచి గడ్డకట్టించి, పలచగా కోసి, మైక్రోస్కోప్ కింద నిమిషాల్లో చూసేవారు. క్యాన్సర్ అంటే అప్పటికప్పుడే రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చాకే ఆమెకు సంగతి తెలిసేది. అలా గడ్డకట్టించిన ముక్కలో లింఫోమాను పోల్చుకోవడం ఎంతో అనుభవం ఉన్నవాళ్లకూ కష్టమే. పరీక్ష ఒకసారి, ఆపరేషన్ మరోసారి జరగాలని రోజ్ కుష్నర్ లాంటి రోగులే పోరాడారు. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు ఆ మాటకే మొగ్గింది. ఆ రెండింటి మధ్య దొరికిన కొద్ది రోజుల వ్యవధే ముక్కను పరీక్షించే డాక్టరుకు, అంటే పాథాలజిస్ట్‌కు, ఆలోచించుకునే సమయం ఇచ్చింది.

సమయం ఉన్నా చిక్కు తీరలేదు. రొమ్ము క్యాన్సర్‌లో లోబ్యులర్ అనే రకం ఉంది. దాని కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే ప్రోటీన్ లోపిస్తుంది. అందుకని చిన్నగా, గుండ్రంగా, దేనికది విడిపోయి, చీమల బారులా వరుస కడతాయి. లింఫోమా కణాలు కూడా విడివిడిగానే ఉంటాయి, గట్టిపడిన కణజాలంలో ఇరుక్కుంటే అవీ వరుస కడతాయి. ఆకారం ఒక్కటే ఆధారమైతే ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చెప్పడంలో వింత లేదు. 1972లో వైజ్‌మన్, లియావో అనే డాక్టర్లు రొమ్ములోనే పుట్టిన లింఫోమాకు కొలమానాలు పెట్టారు: చాలినంత ముక్క ఉండాలి, రొమ్ము కణజాలం పక్కనే లింఫోమా కనపడాలి, అంతకుముందు ఒంట్లో మరెక్కడా లింఫోమా ఉండకూడదు. అవి ఎంతో ఉపయోగపడ్డాయి, కానీ ఆ కణం ఏ జాతిదో అవి చెప్పలేవు.

ఆ జవాబు 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఒకే రకం యాంటీబాడీలను, అంటే ఎంచుకున్న ఒక్క ప్రోటీన్‌కే అంటుకునే పదార్థాలను, ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టాక దొరికింది. 1980ల మొదట్లో ఆ యాంటీబాడీలు రోజువారీ బయాప్సీ స్లైడ్ల మీదికి వచ్చాయి. తెల్లరక్తకణాల జాతికి చెందిన సీడీ45 అనే ప్రోటీన్ కోసం వేసిన యాంటీబాడీ అంటుకుంటే కణం చుట్టూ గోధుమరంగు గీత తేలుతుంది. రొమ్ము క్యాన్సర్ కణమైతే ఆ గీత ఉండదు, రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్ పరీక్షలో లోపలంతా గోధుమరంగు నిండుతుంది. నూటయాభై ఏళ్ల తికమక ఆ రంగుతో చాలావరకు తీరిపోయింది. ఒక్క రంగునే నమ్మడానికీ లేదు, కొన్ని లింఫోమాల్లో సీడీ45 కనపడదు. అందుకే ఇలా యాంటీబాడీలతో రంగు తేల్చే ఐహెచ్‌సీ పరీక్ష రిపోర్టులో సీడీ20 (బీ-కణాల గుర్తు), సీడీ3 (టీ-కణాల గుర్తు), కెరాటిన్, ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) అంటూ అన్ని పేర్లు ఉంటాయి.

1997లో కొత్త చిక్కు బయటపడింది. రొమ్ములో పెట్టిన ఇంప్లాంట్ పక్కన టీ-కణాలనే తెల్లరక్తకణాల్లో పుట్టే ఒక రకం లింఫోమా కనిపించింది. ఇది చాలాసార్లు గడ్డగా రాదు, ఏళ్ల తర్వాత ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరి రొమ్ము వాస్తుంది. ఆ నీటిని తీసి పారేయకుండా, ఆ లింఫోమా కణాల మీద ఉండే సీడీ30 అనే ప్రోటీన్ పరీక్షకు పంపాలి.

పరీక్ష ఎంత గొప్పదైనా ముక్క సరిగా అందాలి. సన్నని సూదితో తీసిన కాసిని కణాలు లింఫోమా రకం తేల్చడానికి తరచుగా చాలవు, లావు సూదితో ముక్క గానీ మొత్తం బిళ్ళ గానీ కావాలి. బయాప్సీకి ముందే వాపు తగ్గుతుందని స్టెరాయిడ్లు వాడితే లింఫోమా కణాలు కరిగిపోయి రిపోర్టులో ఏమీ తేలకపోవచ్చు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నడిపించి చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు బతికున్న కణాలు కావాలి. తీసిన ముక్కంతా, అది చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణం సీసాలో వేసేస్తే ఆ పరీక్షకు దారి మూసుకుపోయినట్టే. లింఫోమా అనుమానం ఉందని ముక్క తీసే ముందే ల్యాబ్‌కు చెబితే కొంత భాగాన్ని వాళ్లు విడిగా ఉంచుతారు.