నోరు విప్పని కూలీ, పాలు ముట్టని పిల్లి

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలోని ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్న పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. కొత్త మేనేజరు వచ్చిన దగ్గర నుంచి చిరిగిన టిక్కీలు (మిర్చి బస్తాలు), ఒక రైతు సరుకు మరొకరి వరుసలో పడటం, సరిగా మూసుకోని ఛాంబరు తలుపులు, అప్పుడప్పుడు అమ్మోనియా వాసన వంటి ఫిర్యాదులు రిజిస్టరులో బాగా పెరిగాయట. పాత మేనేజరు కాలంలో ఆ రిజిస్టరు దాదాపు ఖాళీగా ఉండేదట. అందుచేత కొత్తాయన చేతకానివాడని యజమాని ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నారు, ఇది న్యాయమేనా అని ఆయన అడిగారు. నాయకత్వ శిక్షణ తరగతుల్లో వల్లించే సుగుణాల పట్టికను వదిలేసి నేరుగా ఆ రిజిస్టరు దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు ఆసక్తి కలిగించే శాస్త్రమంతా అందులోనే ఉంది.

1990ల తొలినాళ్లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం, సఖ్యత ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అంచనా వేశారు, కానీ లెక్కలు సరిగ్గా తలకిందులుగా వచ్చాయి. ఈ ఫలితం సంగతి తెలియని ఒక సహాయకుణ్ణి వార్డులకు పంపి గమనించమన్నప్పుడు అసలు కారణం బయటపడింది: మంచి వార్డుల్లో పొరపాట్లు ఎక్కువగా జరగడం లేదు, జరిగినవాటిని దాచకుండా చెబుతున్నారు. ఆ తర్వాత ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి, 1999లో ప్రచురించిన పత్రంలో ఆమె దీన్ని బృందపు 'మానసిక భద్రత'గా, అంటే నోరు విప్పితే తనకేమీ కాదన్న నమ్మకంగా వివరించారు.

రిజిస్టరులో కనిపించే అంకె నిజానికి రెండు అంకెల లబ్ధం: జరిగిన పొరపాట్ల సంఖ్యను, ఒక్కొక్కదాన్ని ఎవరైనా చెప్పే సంభావ్యతతో గుణిస్తే వచ్చేది. ఊహకు తీసుకుంటే, ఒక చోట నూరు పొరపాట్లు జరిగి పదోవంతు మాత్రమే బయటికి వస్తే రిజిస్టరులో 10 ఉంటాయి; మరొక చోట నలభై మాత్రమే జరిగి నూటికి 60 బయటికి వస్తే 24 ఉంటాయి. పైగా ఆ మాట ముఠా కూలీ నుంచి మేస్త్రికి, మేస్త్రి నుంచి సూపర్‌వైజరుకు, అక్కడి నుంచి మేనేజరుకు, చివరికి యజమానికి అంటే నాలుగు చేతులు మారాలి. ప్రతి చోటా దాటే అవకాశం నూటికి 80 ఉన్నా యజమానిని చేరేది 41 శాతమే. ప్రతి చోటా సగమే అయితే పదహారింట ఒకటి.

ఇక ఆ సంభావ్యత ఎందుకు పడిపోతుంది, పడినది తనంతట తాను ఎందుకు లేవదు అన్నది అసలైన ప్రశ్న. దీనికి సమాధానం తెనాలి రామకృష్ణుని పిల్లి దగ్గర ఉంది. ఎలుకల బెడద పోవాలని రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాల కోసం ఒక ఆవును ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగిన పాలను పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి ఆపైన పాల గిన్నె కనిపిస్తే చాలు పారిపోయింది. కథ విన్నవారు కవిగారి గడుసుతనానికి నవ్వుకుంటారు, నాకు మాత్రం పిల్లి తర్కమే ముఖ్యం. మర్నాటి పాలు చల్లగా ఉన్నాయో లేదో దానికి ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే తెలుసుకోవాలంటే మూతి పెట్టాలి, మూతి పెట్టకపోవడమే అది నేర్చుకున్న పాఠం. జెర్కర్ డెన్రెల్, జేమ్స్ మార్చ్ అనే ఇద్దరు పరిశోధకులు సంస్థలు అనుభవం నుంచి నేర్చుకునే తీరులోని ఈ లోపాన్ని 2001లో గణిత నమూనాలతో చూపించారు: మంచి అనుభవం మళ్లీ ప్రయత్నింపజేస్తుంది కనుక అతిగా ఏర్పడిన మంచి అభిప్రాయం సరిదిద్దుకుంటుంది, చెడు అనుభవం ప్రయత్నాన్నే ఆపేస్తుంది కనుక చెడు అభిప్రాయం అలాగే గడ్డకట్టిపోతుంది.

దీన్ని మన కోల్డ్ స్టోరేజీకి అన్వయించి చూద్దాం. ఒక కూలీ ఏదైనా చెప్పినప్పుడు మేనేజరు శ్రద్ధగా వినవచ్చు లేదా కసురుకోవచ్చు. ఆ కూలీ తన మనసులో విన్నసార్లను, కసిరినసార్లను లెక్కపెట్టుకుంటూ, కసిరినవి విన్నవాటికంటే ఒక్కటి ఎక్కువైన రోజున ఇక చెప్పడం మానేస్తాడనుకుందాం. ఇది గణితంలో పాతకాలపు 'జూదరి దివాలా' లెక్క, అంటే ఆడుతూ పోయే జూదరి చేతిలోని డబ్బు ఎప్పటికైనా పూర్తిగా అయిపోయే సంభావ్యత ఎంత అని చూసే లెక్క. మేనేజరు నాలుగింట మూడుసార్లు చక్కగా వినే మనిషే అయినా, ప్రతి కూలీ ఎప్పటికో ఒకప్పటికి నోరు మూసుకునే సంభావ్యత పావును ముప్పావుతో భాగిస్తే వచ్చే మూడో వంతు. పదింట తొమ్మిదిసార్లు వినేవాడైతే అది తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. సగంసార్లు విని సగంసార్లు కసిరి, తాను సమతూకంగా ఉన్నానని సంతోషించే మేనేజరు దగ్గర ఆ సంభావ్యత పూర్తిగా ఒకటి, అంటే ఎంత ఆలస్యమైనా సరే చివరికి అందరూ మౌనం వహిస్తారు. వాస్తవంలో ఇంతకంటే కష్టం, ఎందుకంటే ఒకణ్ణి కసిరితే చుట్టూ ఉన్న పదిమంది దాన్ని తమ లెక్కలో కూడా వేసుకుంటారు.

రాహుకాలంలో పని మొదలుపెట్టనివారి నమ్మకం చెక్కుచెదరకపోవడానికి కూడా ఇదే కారణమని నా అభిప్రాయం. మొదలుపెడితే ఏమవుతుందో చూసే సందర్భమే వారికి రాదు. మన తరగతి గదుల్లోనూ ఇదే జరుగుతుంది. 'ఈమాత్రం తెలియదా' అనే మాట ఒక్కసారి విన్న విద్యార్థి తర్వాత ఏళ్ల తరబడి సందేహం అడగడు, పిల్లలకు అంతా అర్థమవుతోందని మాస్టారు నమ్ముతూనే ఉంటారు.

కనుక పిల్లి తనంతట తాను తిరిగి రాదు, గిన్నె పట్టుకున్నవాడే ముందడుగు వేయాలి. 'ఏమైనా సమస్యలున్నాయా' అని అడిగితే 'ఏమీ లేవండి' అనే సమాధానమే వస్తుంది. 'ఈ రోజు ఏ ఛాంబరులో ఇబ్బంది పడ్డారు' అని అడగాలి, చెప్పినవాడికి అందరి ఎదుటా కృతజ్ఞత చూపాలి, ఆ తలుపును ఆ వారంలోనే బాగుచేయించాలి. నెంబార్డ్, ఎడ్మండ్‌సన్ కలిసి నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ యూనిట్లు 23 పరిశీలించి 2006లో ప్రచురించిన పత్రం ప్రకారం, పెద్దలు ఇలా పిలిచి అడిగే చోట, కింది స్థాయి సిబ్బందికీ డాక్టర్లకూ మధ్య నిర్భయంగా మాట్లాడటంలో ఉండే అంతరం తగ్గింది.

మాట్లాడేవాడికయ్యే ఖర్చును వ్యవస్థ కూడా తగ్గించవచ్చు. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలో ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ విమానం కొండను ఢీకొని 92 మంది మరణించారు. అంతకు ఆరు వారాల ముందు మరొక సంస్థ విమానం అదే చోట అదే విధంగా పొరబడి వెంట్రుకవాసిలో తప్పించుకున్నప్పటికీ, ఆ సంగతి ఆ సంస్థ పైలట్లను దాటి బయటికి రాలేదు. 1976లో అమెరికా మొదలుపెట్టిన విమాన భద్రతా నివేదికల వ్యవస్థను, శిక్షించే అధికారం ఏమాత్రం లేని నాసా చేతిలో పెట్టడం అందుకే. అక్కడ నివేదికలోంచి చెప్పినవారి పేరును తొలగిస్తారు. అయితే తెలిసి చేసిన ఉల్లంఘనకూ, నేరానికీ ఆ రక్షణ లేదు. తాగి ఫోర్క్‌లిఫ్ట్ నడిపినవాణ్ణి క్షమించడం మానసిక భద్రత కాదు.

పాఠకుడి యజమానిగారు ఫిర్యాదుల సంఖ్యను పక్కనపెట్టి, ఎవరూ దాచలేని అంకెలను రెండు మేనేజర్ల కాలానికీ పోల్చి చూడాలి: రైతులకు చెల్లించిన నష్టపరిహారం, కంప్రెసర్ ఆగిన గంటలు, టిక్కీకి అయిన కరెంటు ఖర్చు. ఇవి తగ్గుతూ ఫిర్యాదులు పెరుగుతుంటే మేనేజరు సమర్థుడే. ఇవీ పెరుగుతుంటే యజమాని అనుమానం సబబే కావచ్చు, కానీ తీర్పుకు కొంత వ్యవధి ఇవ్వాలి. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ పేరుతో ఉన్న సూత్రం (మంచి అనుభవాల సంఖ్యకు ఒకటి కలిపి, మొత్తం అనుభవాల సంఖ్యకు రెండు కలిపిన దానితో భాగించడం) ప్రకారం, వరుసగా నాలుగుసార్లు కసుర్లు తిన్న మనిషికి తన మాట వింటారన్న నమ్మకం ఆరింట ఒక వంతు మాత్రమే ఉంటుంది. అది సగానికి రావాలంటే వరుసగా నాలుగు మంచి అనుభవాలు, ముప్పావుకు రావాలంటే పద్నాలుగు కావాలి. ఆరో అనుభవం దగ్గర మేనేజరును మార్చేస్తే అది పన్నెండింట ఏడు వంతుల దగ్గర ఆగుతుంది, కొత్తగా వచ్చినవాడు రెండుసార్లు కసిరితే మళ్లీ సగానికి పడుతుంది.