ఛార్జింగ్ లైట్ ఆరితే అంతా బాగున్నట్టేనా? కారు ఆల్టర్నేటర్: అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ బండికి కరెంటు ఇచ్చి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. షెడ్లలో ఇప్పటికీ దీన్ని డైనమో అనే పిలుస్తారు, దాని వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని కటౌట్ అంటారు. పాత అంబాసిడర్లలో నిజంగానే డైనమో, కటౌట్ ఉండేవి. పేర్లు మిగిలిపోతే ఇబ్బందేమీ లేదు, వాటితో పాటు అప్పటి పరీక్షలూ మిగిలిపోవడమే తంటా.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడాలి. బండి ఆగకపోతే డైనమో మంచిదే.

వాస్తవం: ఈ పరీక్షతో మంచి బండి కూడా పాడవుతుంది. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టేది స్టేటర్ వైండింగ్‌లో, అంటే చుట్టూ కదలకుండా ఉండే రాగితీగ చుట్టల్లో. పుట్టించేది మధ్యలో తిరిగే రోటర్ అయస్కాంతం. ఆ రోటర్‌కు కార్బన్ల (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే బ్రష్‌ల) మీదుగా వెళ్లేది మహా అయితే 4, 5 ఆంపియర్లు. రెగ్యులేటర్ చేతిలో ఉన్నది ఆ చిన్న కరెంటు ఒక్కటే. వోల్టేజి తగ్గితే దాన్ని వదులుతుంది, పెరిగితే ఆపుతుంది, సెకనుకు ఎన్నోసార్లు. కానీ ఆపిన క్షణమే రోటర్‌లో అయస్కాంతం చచ్చిపోదు. 40 ఆంపియర్లు లాగుతున్న బ్యాటరీని ఒక్కసారిగా తప్పిస్తే ఆ కరెంటుకు దారి ఉండదు, వోల్టేజి ఎగబాకుతుంది. 12 వోల్టుల బండ్ల ఎలక్ట్రానిక్స్‌ని పరీక్షించడానికి ఐఎస్ఓ 16750 ప్రమాణం పెట్టుకున్న అంకె చూడండి: 79 నుంచి 101 వోల్టులు. అదీ అర సెకను లోపే. ఇప్పటి చాలా ఆల్టర్నేటర్లలో జీనర్ తరహా డయోడ్లు దాన్ని 35 వోల్టుల చుట్టుపక్కల అడ్డుకుంటాయి, నిజమే. వాటి మీద పందెం కాసే ముందు ఈసీఎమ్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ధర ఒకసారి కనుక్కోండి.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్‌లో 14.4 వోల్టులు రాకపోతే రెగ్యులేటర్ పోయినట్టే.

వాస్తవం: ఆ 14.4 సుమారు 25 డిగ్రీల దగ్గరి మాట. వేడి పెరిగేకొద్దీ రెగ్యులేటరే వోల్టేజి తగ్గిస్తుంది. వేడెక్కిన బ్యాటరీకి అంతే ఇస్తే గ్యాసు ఎక్కువై డిస్టిల్డ్ వాటర్ తగ్గిపోతుంది మరి. మే నెల ఎండలో విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చి బానెట్ ఎత్తితే 13.7 కనబడొచ్చు. అది జబ్బు కాదు.

కొత్త బండ్లలో కథ ఇంకోలా ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటే, వోల్టేజిని ఈసీఎమ్ నిర్ణయిస్తోందని అర్థం. బ్యాటరీ నిండి ఉండి రోడ్డు మీద నిలకడగా పోతుంటే 12.8కి దించుతుంది, బ్రేకు మీద ఉన్నప్పుడు 14.8కి ఎక్కిస్తుంది. ఈ బండ్లకు జంపర్ కేబుల్ వేస్తే నెగటివ్ క్లిప్పు బాడీ ఎర్త్‌కే పెట్టాలి. టెర్మినల్‌కే పెడితే లోపలికి వెళ్లిన కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు.

మరి నిజంగా తక్కువ వస్తుంటే? ఆల్టర్నేటర్ దించే ముందు పది నిమిషాల పని ఉంది. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 ఉండాలి. 12.2 అంటే సగమే, ముందు ఛార్జర్ పెట్టండి. తర్వాత ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎమ్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్లుగా వేసి, మీటర్ ఒక కొసను ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టుకు, రెండోది బ్యాటరీ పాజిటివ్ దిమ్మకు ఆనించండి. కేబుల్ క్లాంపుకు కాదు, సీసపు దిమ్మకే. తేడా 0.3 వోల్టు దాటితే తప్పు వైరుది. అలాగే ఆల్టర్నేటర్ బాడీకీ నెగటివ్ దిమ్మకూ మధ్య చూడండి, 0.2 దాటకూడదు. వైరు కొసన పచ్చగా తుప్పుపట్టిన లగ్గులో 0.01 ఓమ్ నిరోధం చాలు, 60 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు అక్కడే మింగేస్తుంది. ఆల్టర్నేటర్ 14.3 ఇస్తున్నా బ్యాటరీకి చేరేది 13.7. ఐదు నిమిషాలు ఉప్పుకాగితం రుద్దితే పోయేదానికి కొత్త ఆల్టర్నేటర్ వేయించుకున్న బండ్లు ఎన్నో!

అపోహ: ఛార్జింగ్ లైట్ వెలగట్లేదంటే ఛార్జింగ్ బాగుంది.

వాస్తవం: బల్బు ఉన్న పాత వైరింగ్‌లో లైటుకు ఒక పక్క కీ నుంచి వచ్చే వోల్టేజి, రెండో పక్క ఆల్టర్నేటర్ వోల్టేజి. రెండూ దాదాపు సమానమైతే లైటు ఆరుతుంది, అంతే. బెల్టు జారి సగం కరెంటే వస్తున్నా అది ఆరే ఉంటుంది. కీ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు వెలగాలి. అప్పుడూ వెలగకపోతే బల్బు పోయిందో, వైరు తెగిందో, కార్బన్లు అరిగాయో చూడండి. రోటర్‌కు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది కాబట్టి, బల్బు పోతే స్టార్ట్ చేశాక గట్టిగా రేస్ చేస్తే తప్ప ఛార్జింగ్ మొదలవదు.

ఆల్టర్నేటర్‌ని మెల్లగా తడితే ఛార్జింగ్ వచ్చి పోతుంటే కార్బన్లు హోల్డర్‌లో ఇరుక్కున్నట్టు. కీ తీసేసినా లైటు మసకగా వెలుగుతుంటే డయోడ్ ప్లేటు (ఆల్టర్నేటర్ ఏసీని డీసీగా మార్చే భాగం) మీద అనుమానపడాలి. మీటర్‌ని ఏసీ వోల్టులకు మార్చి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర చూడండి. అర వోల్టు దాటితే దాదాపు ఖాయమే. బండి ఆగి ఉన్నప్పుడు అలాంటి డయోడ్ల వల్ల అర ఆంపియరు కారినా రోజుకు 12 ఆంపియర్-అవర్లు పోతాయి, 45 ఏహెచ్ బ్యాటరీ రెండు రోజుల్లో సగమవుతుంది.

అపోహ: పెద్ద ఆల్టర్నేటర్ వేస్తే బల్బులు మాడిపోతాయి.

వాస్తవం: వోల్టేజి అదే, లోడు ఎంత అడిగితే అన్ని ఆంపియర్లే వెళ్తాయి. మాడేది 15 వోల్టులు దాటినప్పుడు, అంటే రెగ్యులేటర్ షార్ట్ అయినప్పుడో, రెగ్యులేటర్‌కు వోల్టేజి ఎంతుందో చెప్పే సెన్స్ వైరు ఊడినప్పుడో. బ్యాటరీ నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే బండి ఆపేయండి. అయితే ఆల్టర్నేటర్ పెంచి దాని లావు వైరును, ఫ్యూజును పాతవే ఉంచితే అవి వేడెక్కుతాయి.

అపోహ: డౌనైన బ్యాటరీని అరగంట ట్రాఫిక్‌లో తిప్పితే నిండిపోతుంది.

వాస్తవం: ఐడిల్‌లో 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ సగం ఇస్తేనే గొప్ప. డిమ్ లైట్లకు 9, బ్లోయర్, రేడియేటర్ ఫ్యానుకు చెరో 15 పోగా, పంపు, ఇంజెక్టర్లు తమ వాటా తీసుకున్నాక బ్యాటరీకి మిగిలేది నామమాత్రమే. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి 20 శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది. రాత్రికి 4, 5 ఆంపియర్ల ఛార్జర్ పెట్టేయండి.